డెమో చూసి మోసపోవద్దు: ఉర్దూ, తెలుగు రెండూ ఉండే సైటుకు థీమ్ ఎంచుకునేదెట్లా?

మసీదు కమిటీకి ఒక వెబ్‌సైట్ పెడదామంటారు. లేదంటే మదరసాకి, ట్యూషన్ సెంటర్‌కి, వీధి కుర్రాళ్లు నడిపే రక్తదాన గ్రూపుకి. ఆ పని చివరికి ఇంట్లో కంప్యూటర్ తెలిసిన అబ్బాయి మీదో అమ్మాయి మీదో పడుతుంది. రాత్రి ఇషా తర్వాత కూర్చుని థీమ్‌లు వెతకడం మొదలుపెడతారు. ఒకదాని కంటే ఒకటి అందంగా కనిపిస్తుంది. పెద్ద ఫోటో, దాని మీద సన్నని ఇంగ్లీషు అక్షరాలు, పక్కకు జరిగే బొమ్మలు. అందరికీ నచ్చినది పెట్టేస్తారు. వారం తిరక్కముందే ఫిర్యాదులు మొదలు. “అక్షరాలు కలిసిపోయినాయి”, “ఉర్దూ ఎడమ నుంచి మొదలవుతోంది”, “టైం టేబుల్ సగమే కనపడుతోంది”.

తప్పు ఎక్కడ జరిగింది? డెమోను చూసి ఎంచుకోవడంలో. డెమోలో ఉన్నది వాళ్ల రాత, వాళ్ల ఫోటోలు. రేపు అక్కడ ఉండబోయేది మన రాత. కుండ కొనేటప్పుడు రంగు చూసి తీసుకోం కదా, తట్టి చూస్తాం, వీలైతే నీళ్లు పోసి చూస్తాం. థీమ్ కూడా అంతే. మన తెలుగు, మన ఉర్దూ, మన టైం టేబుల్ అందులో పోసి, ఇంట్లో ఉన్న చౌక ఫోన్‌లో తెరిచి చూడాలి. అప్పుడు బయటపడేదే దాని అసలు రూపం. ఆ పరీక్ష ఎట్లా చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు, థీమ్ అంటే ఏంటి?

వర్డ్‌ప్రెస్, బ్లాగర్ లాంటి వాటిలో మనం రాసే విషయం ఒకచోట ఉంటుంది, అది కనిపించే తీరు ఇంకోచోట ఉంటుంది. ఆ కనిపించే తీరే థీమ్. ఏ ఫాంటు, ఎంత సైజు, వరుసకూ వరుసకూ మధ్య ఎంత ఖాళీ, మెనూ ఎక్కడ, తేదీ ఎక్కడ, ఫోన్‌లో ఎట్లా సర్దుకుంటుంది అన్నవన్నీ థీమే నిర్ణయిస్తుంది. ఇల్లు అదే, సామాను అదే, గదుల అమరిక మారుతుంది. అమరిక బాగాలేకపోతే మంచి సామాను కూడా కాళ్లకు అడ్డం పడుతుంది.

థీమ్ మార్చడం కష్టమేం కాదు. కానీ సైటు జనానికి అలవాటైన తర్వాత మారిస్తే పెద్దవాళ్లు తికమకపడతారు. అందుకే ముందే ఒక సాయంత్రం పరీక్షకు కేటాయించడం మేలు. వర్డ్‌ప్రెస్‌లో కొత్త థీమ్‌ను సైటులో పెట్టకుండానే లైవ్ ప్రివ్యూలో చూడొచ్చు. వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ అయితే హోస్టింగ్ కూడా అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే ఖాళీ సైటు తెరుచుకుంటుంది. అందులో ఎన్ని ప్రయోగాలు చేసినా ఖర్చు లేదు, భయం లేదు.

ఒకే ఇంట్లో రెండు లిపులు

కర్నూలు, కడప ముస్లిం ఇళ్లలో పరిస్థితి మనకు తెలియనిది కాదు. నానీ ఉర్దూ చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మనవడు తెలుగు మీడియంలోనో ఇంగ్లీష్ మీడియంలోనో చదివాడు. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, ఉర్దూ లిపి చూస్తే ఆగిపోతాడు. మధ్యలో అమ్మీ, అబ్బా కొంచెం అదీ, కొంచెం ఇదీ. ఒకే వార్త ఇంట్లో ముగ్గురికి చేరాలంటే రెండు లిపుల్లోనూ సాఫీగా చదవగలిగేలా ఉండాలి.

ఇది మన ఇళ్ల సంగతి మాత్రమే కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో చట్ట సవరణతో ఉర్దూ రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష అయ్యింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016 నుంచి ఉంది. ఉర్దూలో చదివేవాళ్లు, రాసేవాళ్లు ఇక్కడే ఉన్నారు. కానీ థీమ్‌లు తయారుచేసే వాళ్లలో ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలను మనసులో పెట్టుకుని చేస్తారు. తెలుగు, ఉర్దూ ఆ కొలతల్లో ఇమడవు. ఒకటి కిందికీ పైకీ పెరుగుతుంది, ఇంకొకటి కుడి నుంచి వాలుగా దిగుతుంది.

తెలుగు పరీక్ష: వత్తులు బతికాయా?

ఇంగ్లీషు అక్షరం ఒక వరుసలో కుదురుగా కూర్చుంటుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. వరుసల మధ్య ఖాళీ చాలకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి. చదివేవాళ్లకు కారణం తెలియదు, కళ్లు నొప్పి మాత్రం పుడుతుంది. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వరుస ఎత్తు ఇంగ్లీషుకు సరిపోతుంది. తెలుగుకు 1.7, 1.8 రెట్లు ఉంటే హాయిగా ఉంటుంది.

పరీక్షకు ఈ మాటలతో ఒక పేరా రాసి పెట్టండి: స్వాతంత్ర్యం, రాష్ట్రపతి, విజ్ఞానం, స్త్రీ, ఖుర్ఆన్, హజ్రత్, తహజ్జుద్, వెబ్‌సైట్. “స్వాతంత్ర్యం”లో త కింద రెండు వత్తులు ఉన్నాయి. రెండూ పూర్తిగా కనపడాలి. “వెబ్‌సైట్” అన్నప్పుడు బ్ మీద పొల్లు నిలవాలి, స దాని కిందికి వత్తుగా పోకూడదు. మధ్యలో ఖాళీ డబ్బాలు, చుక్కల వలయాలు కనిపిస్తే ఆ ఫాంటు మనకు పనికిరాదు.

ఇదంతా అతి జాగ్రత్త అనుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లలో యాప్‌లు కుప్పకూలాయి. వార్త ప్రపంచమంతా తిరిగింది, తర్వాతి అప్‌డేట్‌లో ఆపిల్ సరిచేసింది. అంత పెద్ద కంపెనీ పరీక్షల్లోనే జారిపోయిన అక్షరం మామూలు థీమ్ తయారీదారు కంటికి ఎట్లా కనపడుతుంది? మన అక్షరాలను మనమే పరీక్షించుకోవాలి.

తర్వాత శీర్షిక. డెమోలో శీర్షికలు మూడు నాలుగు చిన్న మాటలే ఉంటాయి. మన శీర్షిక ఇట్లా ఉంటుంది: “కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ప్రవేశాలకు దరఖాస్తుల ఆహ్వానం”. దీన్ని పెట్టి ఫోన్‌లో చూడండి. “విశ్వవిద్యాలయంలో” అన్న మాట తెర దాటి బయటికి పోతోందా? పెట్టె ఎత్తు ముందే ఖరారై ఉండటం వల్ల కింది వరుస సగం తెగిపోతోందా? తెగిపోతే ఆ థీమ్‌లో రోజూ శీర్షికలు కత్తిరించుకుంటూ బతకాల్సిందే.

ముందుపేజీలో వార్త తొలి నాలుగు ముక్కలు చూపించి “ఇంకా చదవండి” అంటారు కదా, అక్కడా చూడాలి. కొన్ని థీమ్‌లు ఆ ముక్కను మాటల లెక్కన కాకుండా కంప్యూటర్ బైట్ల లెక్కన కోస్తాయి. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో ఒక్కో హల్లుకూ, ఒక్కో గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. మధ్యలో కోస్తే చివర ప్రశ్న గుర్తున్న నల్ల వజ్రం మిగులుతుంది. వార్త చివర అట్లాంటి గుర్తు కనిపిస్తే కారణం ఇదేనని పోల్చుకోండి.

ఇంకో మూడు సోకులు తెలుగుకు చేటు. ఒకటి, అక్షరాల మధ్య ఎడం పెంచడం. ఇంగ్లీషు శీర్షికకు అందం, తెలుగుకు గుణింతం, వత్తు చెదిరే ప్రమాదం. రెండు, రెండు అంచులూ సమానంగా సర్దడం. తెలుగు మాటలు పొడుగు, ఫోన్ వెడల్పు తక్కువ. సర్దేసరికి మాటల మధ్య బావులంత ఖాళీలు వస్తాయి. మూడు, పేరా మొదటి అక్షరాన్ని పెద్దది చేయడం. “స్త్రీ”తో మొదలైన పేరాలో సగం అక్షరమే పెద్దదై మిగతాది చిన్నగా ఉండిపోవచ్చు. ఉర్దూలో అయితే కలిసి ఉండాల్సిన అక్షరం మాట నుంచి విడిపోతుంది. ఈ మూడింటినీ ఆపేసే సౌకర్యం థీమ్‌లో ఉందో లేదో చూడండి.

ఫాంట్ల విషయంలో మనకు ఇప్పుడు కరువు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, తిమ్మన లాంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగు, హింద్ గుంటూరు కూడా ఉన్నాయి. రామభద్ర లాంటి లావు అక్షరం శీర్షికకు బాగుంటుంది, వార్త మొత్తం దానితో పెడితే నల్లటి గోడలా ఉంటుంది. మండలిలో ఒకే మందం ఉంది. దాన్ని బోల్డ్ చేయమంటే బ్రౌజర్ తనంతట తానే సిరా పూసినట్టు లావు చేస్తుంది, అక్షరాల్లో సందులు మూసుకుపోతాయి. వార్తలో బోల్డ్ ఎక్కువ వాడేవాళ్లు హింద్ గుంటూరు లాగా వేర్వేరు మందాలున్న ఫాంటు తీసుకోవడం మంచిది.

ఉర్దూ పరీక్ష: కుడి నుంచి మొదలైతే చాలదు

థీమ్ వివరాల్లో “ఆర్‌టీఎల్ సపోర్ట్” అని రాసి ఉంటే కుడి నుంచి ఎడమకు రాసే భాషలకు పనికొస్తుందని అర్థం. వర్డ్‌ప్రెస్ థీమ్‌ల జాబితాలో దీనికి ప్రత్యేకంగా ఫిల్టర్ ఉంది. అది పెట్టి వెతికితే సగం బరువు తగ్గుతుంది. కానీ అంతటితో అయిపోలేదు.

నిజంగా కుడికి తిరిగిన పేజీలో వాక్యాలతో పాటు మొత్తం అమరిక తిరుగుతుంది. మెనూ కుడి నుంచి మొదలవుతుంది. “తర్వాతి పేజీ” బాణం ఎడమకు చూపిస్తుంది. జాబితా చుక్కలు కుడివైపుకు వస్తాయి. కొన్ని థీమ్‌లలో రాత కుడికి వస్తుంది గానీ బాణాలు, చుక్కలు పాతచోటే ఉండిపోతాయి. తలుపు ఒకవైపు, గడియ ఇంకోవైపు ఉన్నట్టు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆర్‌టీఎల్ థీమ్‌లలో చాలావాటి డెమో అరబీలో ఉంటుంది, వాటి ఫాంట్లూ అరబీకే. ఉర్దూకు అరబీలో లేని అక్షరాలు కావాలి. “టోపీ”లో ట, “డాక్”లో డ, “గాడీ”లో డ, ఈ మూడింటికీ నెత్తిన చిన్న తోయె గుర్తు ఉంటుంది. పే, చే, గాఫ్, నూన్ గున్నా, బడీ యే కూడా మనకు కావాల్సినవే. పరీక్షకు ఎక్కడికో పోనక్కర్లేదు, ఉర్దూలో “కడప” అని రాయండి చాలు. అందులో తోయె గుర్తున్న అక్షరం ఒకటి, మూడు చుక్కల పే ఒకటి ఉన్నాయి. ఫాంటులో ఆ అక్షరాలు లేకపోతే ఫోన్ వేరే ఫాంటు నుంచి అరువు తెచ్చుకుంటుంది. అప్పుడు ఒకే మాటలో రెండు రకాల రాత కనిపిస్తుంది, లేదంటే మాట మధ్యలో తెగిపోతుంది. ఊరి పేరే సరిగ్గా రాని పేజీని ఆ ఊరి వాళ్లకు ఎట్లా చూపిస్తాం?

మూడోది నస్తాలీఖ్. అరబీ ఎక్కువగా నస్ఖ్‌లో అచ్చవుతుంది. అక్షరాలు ఒక గీత మీద బల్లపరుపుగా నడుస్తాయి. మన పెద్దలు చదువుకున్న ఉర్దూ పుస్తకాలు, పత్రికలు నస్తాలీఖ్‌లో ఉంటాయి. అందులో ప్రతి మాటా కుడివైపు పైన మొదలై ఎడమకు వాలుగా దిగుతుంది. ఈ వాలు వల్లే అచ్చు యంత్రాలకు అది చాలాకాలం లొంగలేదు, కాతిబ్‌లు చేత్తో రాసేవాళ్లు. చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ ఉర్దూ దినపత్రిక ఈ శతాబ్దంలో కూడా చేతిరాతతోనే వచ్చి పేరు తెచ్చుకుంది. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది అక్షరాల కలయికలను విడివిడిగా రాసి తయారుచేసిన నూరీ నస్తాలీఖ్‌తో 1981లో కంప్యూటర్‌లో అచ్చు వీలైంది. ఆపిల్ ఫోన్లలో ఉర్దూ నస్తాలీఖ్‌లో కనిపించడం 2017లో ఐఓఎస్ 11తో మొదలైంది.

అందుకే సైటులో ఉర్దూ పేజీకి నస్తాలీఖ్ ఫాంటును మనమే జోడించాలి. నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఉచితంగా దొరుకుతుంది. థీమ్‌లో ఒక్కో భాషకు వేరే ఫాంటు, వేరే వరుస ఎత్తు పెట్టుకునే వీలుందా అన్నదే అసలు ప్రశ్న. నస్తాలీఖ్‌కు వరుస ఎత్తు రెండు రెట్లకు పైనే ఉండాలి, లేకపోతే పై వరుస నుంచి దిగిన బడీ యే కింది వరుస చుక్కల మీద కూర్చుంటుంది. చుక్క మారితే అక్షరం మారుతుంది, అర్థం మారుతుంది. తెలుగుకూ ఉర్దూకూ ఒకే కొలత పెట్టమనే థీమ్ రెంటికీ అన్యాయం చేస్తుంది.

అంకెల దగ్గర కూడా కొంచెం ఆగండి. ఉర్దూ వాక్యంలో ఫోన్ నంబర్ ముందున్న ప్లస్ గుర్తు అవతలి వైపుకు దూకుతుంది. “5 - 7” అని టైము రాస్తే “7 - 5” లాగా కనపడొచ్చు. థీమ్ ఎంత మంచిదైనా ఈ చిక్కు ఉంటుంది కాబట్టి, ఉర్దూలో టైము రాసేటప్పుడు గీత పెట్టకుండా “5 సే 7 బజే తక్” అని మాటల్లో రాయడం క్షేమం.

భాష మార్చే బటన్ ఎక్కడికి తీసుకుపోతోంది?

మనవడు తెలుగులో ఒక వార్త చదివి, ఫోన్ నానీకి ఇచ్చి “ఉర్దూ” అన్న బటన్ నొక్కాడనుకోండి. అదే వార్త ఉర్దూలో తెరుచుకోవాలి. చాలా సైట్లలో జరిగేది వేరు. బటన్ నొక్కితే ఉర్దూ ముందుపేజీకి పోతుంది. వార్త మళ్లీ వెతుక్కోవాలి. నానీ వెతకరు, ఫోన్ తిరిగి ఇచ్చేస్తారు. అక్కడితో ఇద్దరి మధ్య దారి తెగిపోయినట్టే.

ఒక వార్తను రెండు భాషల్లో పెట్టి ఈ బటన్ నొక్కి చూడండి. బటన్ మీద ఏం రాసి ఉందో కూడా ముఖ్యమే. ఉర్దూ పేజీకి పోయే బటన్ మీద ఉర్దూ లిపిలో “ఉర్దూ” అని ఉండాలి, తెలుగు పేజీకి పోయే దాని మీద తెలుగులో “తెలుగు” అని ఉండాలి. జెండా బొమ్మలు వద్దు. భాషకు జెండా ఉండదు. అది మూడు గీతల మెనూలో దాక్కోకుండా పైనే కనపడాలి.

రంజాన్ టైం టేబుల్: అసలు పరీక్ష ఇది

మన సైట్లలో ఏడాది మొత్తం మీద ఎక్కువమంది తెరిచే పేజీ ఏదంటే సహరీ, ఇఫ్తార్ టైం టేబుల్ అనే చెప్పొచ్చు. థీమ్ మంచిచెడ్డలు కూడా ఇక్కడే తేలతాయి. వార్తలో ఒక మాట తప్పు చదివితే పెద్ద నష్టం లేదు. ఇక్కడ ఒక గడి తప్పు చదివితే రోజా పోతుంది.

ముప్పై వరుసలు, నాలుగైదు నిలువు గడులున్న పట్టిక చేసి చిన్న ఫోన్‌లో తెరవండి. ఇఫ్తార్ గడి తెర బయట ఉండిపోయిందా? పక్కకు జరిపితే తేదీ గడి కనపడకుండా పోతోందా? అట్లా పోతే ఏ తేదీకి ఏ టైమో వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి. సహరీకి ఐదు నిమిషాలే ఉన్నప్పుడు నిద్ర కళ్లతో అది అయ్యే పని కాదు. తేదీ గడి కదలకుండా నిలబడాలి, ఈ రోజు వరుస వేరే రంగులో కనపడాలి. వరుసలు ఒకటి విడిచి ఒకటి లేత రంగులో ఉంటే కన్ను జారదు. అంకెలు లావుగా, ఒకదాని కింద ఒకటి సరిగ్గా నిలవాలి.

పట్టికను ఫోటోలా పెట్టేస్తే ఈ బాధ లేదు కదా అని అనిపిస్తుంది. ఫోటోను పెద్దది చేస్తే మసకబారుతుంది, ఈ రోజు వరుస వెలగదు, చూపు సరిగా లేనివాళ్ల కోసం ఫోన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్ దాన్ని సరిగ్గా చదవలేకపోవచ్చు. ఫోటో వాట్సాప్‌కు పెట్టుకోండి, పేజీలో మాత్రం పట్టికే ఉండాలి.

ఊరి పేరు కూడా డిజైన్‌లో భాగమే. కర్నూలు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, కడప దాదాపు 78.8 దగ్గర. ఒక డిగ్రీకి సూర్యుడి లెక్కలో 4 నిమిషాల తేడా. అంటే కడపకు కర్నూలు కంటే సుమారు 3 నిమిషాల ముందు సూర్యుడు వస్తాడు, ముందే పోతాడు. కాలాన్ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది. కర్నూలు పట్టిక చూసి కడపలో సహరీ ముగిస్తే ఆలస్యం అవుతుంది. కడప పట్టిక చూసి కర్నూలులో రోజా విప్పితే తొందరపడినట్టవుతుంది. కాబట్టి “కర్నూలు” లేదా “కడప” అన్న పేరు పట్టిక నెత్తిన పెద్ద అక్షరాల్లో ఉండాలి. పేజీ కిందికి జరిపినా ఆ పేరు కనపడుతూ ఉంటే ఇంకా మంచిది. కొన్ని థీమ్‌లు ఫోన్‌లో శీర్షికను సన్నగా చేసి పెద్ద ఫోటోను మాత్రం నిండుగా చూపిస్తాయి. ఇఫ్తార్ పళ్ళెం ఫోటో చూసి ఎవరూ రోజా విప్పరు, ఊరి పేరూ టైమూ చూసి విప్పుతారు.

తేదీ దాచే థీమ్ వద్దు

“ఈ రోజు జొహర్ తర్వాత జనాజా నమాజు.” “ఓ నెగటివ్ రక్తం అర్జెంటుగా కావాలి.” ఇలాంటి కబుర్లు చేతులు మారుతూ పోతాయి. “ఈ రోజు” అంటే ఏ రోజు? కొత్త థీమ్‌లలో కొన్ని తేదీని సన్నని బూడిద రంగులో మూలకు నెడతాయి, కొన్ని అసలు చూపించవు. అప్పుడు పాత రక్తం కబురు నెలల తర్వాత కూడా తిరుగుతుంది. జనం ఫోన్లు చేస్తారు, ఆ కుటుంబం గాయం మళ్లీ రేగుతుంది.

తేదీ శీర్షిక కిందే ఉండాలి. రోజు, నెల, సంవత్సరం మూడూ ఉండాలి. “3/4” అని రాస్తే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్న అనుమానం వస్తుంది, అందుకే నెల పేరు రాయాలి. హిజ్రీ తేదీ కూడా పక్కన పెట్టుకునే చోటు ఉంటే మన వాళ్లకు ఇష్టంగా ఉంటుంది. ఫోన్ నంబర్ నొక్కగానే కాల్ కలవాలి. నంబర్ చూసి కాగితం మీద రాసుకునే ఓపిక ఆసుపత్రి వరండాలో ఎవరికి ఉంటుంది?

మధ్యాహ్నం ఎండలో తెరిచి చూడండి

మనకు ఆకుపచ్చ, బంగారు రంగులంటే ప్రేమ. తప్పేం లేదు. కానీ బంగారు రంగు మీద తెల్ల అక్షరాలు, లేత పచ్చ మీద తెల్ల అక్షరాలు గదిలో మెరుస్తాయి, బయట మాయమవుతాయి. వెబ్ పేజీలకు అంతర్జాతీయంగా పాటించే నియమం ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా 4.5కు 1 ఉండాలి. రెండు రంగుల కోడ్‌లు ఇస్తే లెక్క చెప్పే ఉచిత సాధనాలు ఆన్‌లైన్‌లో చాలా ఉన్నాయి. ఇంకా సులువైన పరీక్ష కూడా ఉంది. ఏప్రిల్‌లో కడప ఎండలో మధ్యాహ్నం పన్నెండుకు వీధిలో నిలబడి ఫోన్ తెరవండి. అక్షరం కనపడితే ఆ రంగు ఉంచండి.

తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు బాగా పెంచి చూడండి. నలభై దాటినవాళ్లు చాలామంది అట్లాగే పెట్టుకుంటారు. థీమ్ దానికి తగ్గట్టు సర్దుకోవాలి. మెనూ మీద మెనూ పడి బటన్లు కనపడకుండా పోతే అది కుర్రాళ్లకు మాత్రమే చేసిన థీమ్. బటన్లు వేలికి సరిపోయేంత ఉండాలి. ఆండ్రాయిడ్ కొలతల్లో 48 యూనిట్లు ఉండమని గూగుల్ చెబుతుంది, సుమారు 9 మిల్లీమీటర్లు.

ఇక వేగం. గూగుల్ ‘పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్’ సైటులో మన పేజీ చిరునామా ఇస్తే మార్కులు వేస్తుంది. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనపడితే మంచిదని లెక్క. డెస్క్‌టాప్ మార్కులు చూసి సంతోషపడొద్దు, మొబైల్ మార్కులే చూడండి. ముందుపేజీలో జరిగే బొమ్మల పట్టీ ఉంటే తీసేయండి. డేటా తినేది అది, ఎక్కువమంది రెండో బొమ్మ చూడకముందే కిందికి జారిపోతారు. చదువుతుంటే పేజీ హఠాత్తుగా కిందికి దూకడం ఇంకో బాధ. పైన ఫోటో ఆలస్యంగా వచ్చి రాతను నెట్టేయడం దానికి కారణం. ఫోటోకు ముందే చోటు వదిలే థీమ్‌లో ఇది జరగదు.

చివరికి అమ్మీ చేతికి ఇవ్వండి

ఇప్పటిదాకా చూసినవి మనం చేసుకునే పరీక్షలు. తీర్పు చెప్పాల్సింది మాత్రం వాడేవాళ్లు. ఇంట్లో అమ్మీకి, నానీకి, పక్కింటి ఆపాకి, పదో తరగతి చదివే తమ్ముడికి, వీలైతే ఇమాం సాబ్‌కి ఫోన్ ఇవ్వండి. ఐదుగురు చాలు. ఐదుగురితో పరీక్షిస్తేనే లోపాల్లో చాలాభాగం బయటపడతాయని ఈ రంగంలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు.

వాళ్లకు మూడు పనులు చెప్పండి. రేపటి సహరీ టైము ఎంతో చూడండి. ఈ వార్తను ఉర్దూలోకి (లేదా తెలుగులోకి) మార్చండి. కమిటీకి ఫోన్ చేయండి. అంతే. చెప్పాక మీరు నోరు మెదపొద్దు. “అక్కడ కాదమ్మీ, పైన నొక్కు” అని ఒక్కసారి అన్నారంటే పరీక్ష పోయినట్టే. రేపు ఇంకో ఇంట్లో ఇంకో అమ్మీ పక్కన మీరు ఉండరు. ఎక్కడ ఆగారో, ఎక్కడ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని కళ్లు చిట్లించారో, “ఇది యాడుందిరా” అని ఎప్పుడు అడిగారో కాగితం మీద రాసుకోండి. ముగ్గురు ఒకేచోట ఆగితే తప్పు వాళ్లది కాదు, పేజీది.

“బాగుందా?” అని మాత్రం అడగొద్దు. మన ఇళ్లల్లో పిల్లలు చేసిన పనిని ఎవరూ బాగాలేదనరు.

డబ్బు, భద్రత

మంచి థీమ్‌కు డబ్బు కట్టాల్సిందే అనేం లేదు. వర్డ్‌ప్రెస్ సొంత జాబితాలో ఉన్న ఉచిత థీమ్‌లు పరిశీలన జరిగాకే అక్కడికి వస్తాయి. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో పక్కనే ఉంటుంది. రెండేళ్లుగా ముట్టుకోని థీమ్‌ను మీరూ ముట్టుకోవద్దు. డబ్బు కట్టాల్సిన థీమ్‌ను ఎవరో ఫ్రీగా పంపిస్తున్నారంటే ఇంకా జాగ్రత్త. అట్లాంటి దొంగ కాపీల్లో దాచిన కోడ్ ఉండొచ్చు. ఒకరోజు మసీదు సైటులో జూదం ప్రకటన తెరుచుకుంటే కమిటీ తల ఎక్కడ పెట్టుకోవాలి?

ఎట్లా తేల్చుకోవాలి?

రెండు మూడు థీమ్‌లు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు అన్నింటికీ మార్కులు వేసి కూడాల్సిన పనిలేదు. నాలుగు విషయాల్లో తప్పితే వెంటనే పక్కన పెట్టండి: తెలుగు వత్తు తెగడం, ఉర్దూ అక్షరం విరగడం, చిన్న ఫోన్‌లో టైం టేబుల్ చదవలేకపోవడం, తేదీ కనపడకపోవడం. రంగు, మెనూ, ఫోటో సైజు తర్వాత సర్దుకోవచ్చు. ఈ నాలుగూ థీమ్ పునాదిలో ఉంటాయి, తర్వాత సర్దడం కష్టం.

నాలుగూ నెగ్గినవి రెండు మిగిలితే, అమ్మీ ఎవరినీ అడగకుండా సహరీ టైము చూడగలిగినది ఏదో అదే తీసుకోండి. చూడటానికి సాదాగా ఉన్నా సరే.